కేజ్‌లో మైస్ కొట్టుకుంటే వాటి ఇమ్యూనిటీ తగ్గుతుందా?

ముందు మీరు అడిగింది నాకు ఎలా అర్థమైందో చెప్తాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మగ బాల్బ్/సీ (ల్యాబుల్లో పెంచే ఒక తెల్ల ఎలుకల రకం) మైస్ తీసుకున్నారు. కేజ్‌కి ఐదు చొప్పున నాలుగు కేజ్‌లు. రెండింటికి వ్యాక్సిన్ ఇచ్చారు, రెండింటికి ఉత్త సెలైన్. మూడో వారంలో వ్యాక్సిన్ ఇచ్చిన రెండు కేజ్‌ల్లోనూ కొట్లాట మొదలైంది. తోకల మీద, నడుం మీద గాట్లు. ఇప్పుడు యాంటీబాడీ టైటర్లు (రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయన్న కొలత) చూస్తే ఒక్కో జంతువుది ఒక్కో లెక్క. మీ గైడ్ గారు "స్ట్రెస్‌తో ఇమ్యూనిటీ తగ్గి ఉంటుంది, దెబ్బలు తిన్నవాటిని తీసేసి లెక్క వెయ్యి" అన్నారట. తీసేయొచ్చా, అసలు స్ట్రెస్‌తో ఇమ్యూనిటీ తగ్గుతుందన్నది ఎంతవరకు నిజం, మనుషులకూ ఆఫీసు టెన్షన్‌తో ఇలాగే అవుతుందా అని మీ ప్రశ్నలు.

మొదటి దానికి జవాబు ఒక్క మాటలో: తీసేయకండి. ఎందుకో కింద చెప్తాను. రెండో దానికి మాత్రం కొంచెం ఓపిగ్గా చదవాలి. ఎందుకంటే "తగ్గుతుంది" అన్న మాటలోనే చిక్కు ఉంది. కొట్లాటతో వచ్చే ఒత్తిడి ఇమ్యూనిటీని తగ్గించదు, దాని దిశ మారుస్తుంది. కొన్ని పనులు మందగిస్తాయి, కొన్ని అదుపు తప్పేంతగా పెరుగుతాయి. ఇరవై ఏళ్లకు దగ్గరగా యానిమల్ హౌస్‌ల చుట్టూ తిరిగినవాణ్ని, ఈ తప్పు నేనూ చేశాను. అది కూడా చెప్తాను.

ఒక మాట. తెలుగులో ఎలుక అంటే ర్యాటూ అవుతుంది, మౌసూ అవుతుంది. ఇక్కడ ఎలుక అన్న చోటల్లా చిట్టెలుక, అంటే మౌస్ అనే అనుకోండి. ర్యాట్ల సంగతి కొంత వేరు.

ముందు కొట్లాట గురించి. మగ ఎలుకకు తన హద్దు తనకు ఉండాలి. మూత్రపు చుక్కలతో ఆ హద్దు గీసుకుంటుంది, అందులోకి పరాయి మగది వస్తే మీద పడుతుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే, అదీ సంగతి. బయట పొలంలోనో గోదాములోనో అయితే ఓడింది పారిపోతుంది, గొడవ అంతటితో సరి. కేజ్‌లో పారిపోయే చోటు లేదు. ఓడింది ప్రతి రాత్రీ అదే శత్రువుతో గడపాలి. ప్రయోగశాలలో ఒత్తిడి అంటే అసలు ఇది: దెబ్బ ఒక్కటే కాదు, దెబ్బ మళ్లీ ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం, తప్పించుకునే దారి లేకపోవడం. ఇంకోటి గమనించండి. పారిపోతున్నదాన్ని వెనక నుంచి కరుస్తుంది కాబట్టి గాట్లు నడుం మీద, తోక మొదట్లో ఉంటాయి. ఒంటి మీద ఒక్క గాటు కూడా లేకుండా నిగనిగలాడుతూ ఉన్నదే సాధారణంగా ఆ కేజ్‌లో రౌడీ.

మీ గైడ్ గారి మాట గాల్లోంచి పుట్టింది కాదు. 1936లో హాన్స్ సెల్యే ర్యాట్లను రకరకాలుగా బాధపెట్టి చూస్తే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ (టీ-కణాలనే తెల్లకణాలు పరిపక్వమయ్యే గ్రంథి) కుంచించుకుపోయింది. 1950లలో క్రిస్టియన్, డేవిస్‌లు మగ ఎలుకల గుంపుల్లో కింది స్థాయి వాటికి అడ్రినల్ బరువు ఎక్కువ ఉంటుందని చూపారు. అడ్రినల్ నుంచి వచ్చే కార్టికోస్టెరాన్ (మనకు కార్టిసాల్ ఎలాగో ఎలుకలకు ఇది అలాగ) వాపును, తెల్లకణాల దూకుడును అణచే స్టెరాయిడ్. ఉబ్బసానికీ, కిడ్నీ మార్చినవాళ్లకూ డాక్టర్లు స్టెరాయిడ్లు ఇచ్చేది ఈ గుణం కోసమే. కాబట్టి ఒత్తిడి, స్టెరాయిడ్, అణిగిన ఇమ్యూనిటీ, ఇదో సూటి గొలుసు. ఎలుకను గాలి కన్నాలున్న ట్యూబులో రాత్రంతా కదలకుండా ఉంచితే సరిగ్గా ఇదే జరుగుతుంది. అలా ఉంచిన ఎలుకల చర్మం మీద గాయం ఆలస్యంగా మానుతుంది. కణాల్లో స్టెరాయిడ్‌ను అందుకునే రిసెప్టర్‌ను అడ్డుకునే మందు ఇస్తే మళ్లీ మామూలుగా మానుతుంది. ఇంతవరకు గైడ్ గారి మాట నూటికి నూరుపాళ్లు సరే.

గొలుసు తెగింది 1998లో. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జాన్ షెరిడన్, డేవిడ్ ప్యాజెట్ బృందం హెర్పిస్ వైరస్ మీద పని చేస్తోంది. పెదవి మీద పొక్కులు తెచ్చే వైరస్ అది. ఒకసారి వచ్చాక నరాల్లో దాక్కుని, టెన్షన్ పడ్డప్పుడో జ్వరం వచ్చినప్పుడో మళ్లీ లేస్తుందని మనకు అనుభవమే. వైరస్ దాక్కుని ఉన్న ఎలుకల్ని ట్యూబుల్లో పెట్టారు. స్టెరాయిడ్ పెరిగింది, వైరస్ మాత్రం కదల్లేదు. తర్వాత కేజ్‌ల్లోని గుంపుల్ని కలగాపులగం చేశారు, అంటే పెద్దెవరు చిన్నెవరు అనే లెక్క చెదిరి ఎలుకలు మళ్లీ కొట్టుకునేలా చేశారు. నూటికి నలభైకి పైగా ఎలుకల్లో వైరస్ లేచి కూర్చుంది. రెండు ఒత్తిళ్లలోనూ స్టెరాయిడ్ పెరిగింది, ఫలితం మాత్రం వేరు. అంటే కథ స్టెరాయిడ్ ఒక్కదానితో అయిపోదు. సామాజిక ఒత్తిడిలో ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో ఏమిటన్నది అదే బృందం తర్వాతి కొన్నేళ్లలో తవ్వింది. పద్ధతి చెప్తాను, ఎందుకంటే మీ కేజ్‌ల్లో అనుకోకుండా జరిగింది దానికి బాగా దగ్గర. కలిసి స్థిరపడిన మగ ఎలుకల కేజ్‌లోకి చీకటి పడే వేళ ఒక ముదురు రౌడీ ఎలుకను రెండు గంటలు వదులుతారు. అది కొద్ది నిమిషాల్లోనే ఇంటి ఎలుకల్ని చితకబాదుతుంది. ఇలా ఆరు రోజులు. తర్వాత ఓడిన ఎలుకల ప్లీహం, అదే స్ప్లీన్, తీసి కణాల్ని డిష్‌లో పెంచుతూ బ్యాక్టీరియా విషమైన ఎండోటాక్సిన్‌తో రెచ్చగొట్టి, పైన కార్టికోస్టెరాన్ పోస్తారు. మామూలు ఎలుక కణాలు స్టెరాయిడ్ మోతాదు పెరిగేకొద్దీ అణిగిపోయి చచ్చిపోతాయి. ఓడిన ఎలుకల కణాలు అణగవు. ఎంత పోసినా బతికే ఉంటాయి, సైటోకైన్లు (వాపును రేపే సందేశ రసాయనాలు) వదులుతూనే ఉంటాయి. ఇంట్లో పెద్దాయన "ఇక చాలు, ఆపండి" అని అరుస్తున్నా చెవిన పెట్టని కుర్రాళ్లలాగ. దీన్నే గ్లూకోకార్టికాయిడ్ రెసిస్టెన్స్ అంటారు. 2001లో అవిత్సుర్, స్టార్క్‌లు షెరిడన్‌తో కలిసి ప్రచురించారు. ఇది ప్రధానంగా సూక్ష్మక్రిముల్ని మింగే మాక్రోఫేజ్ జాతి తెల్లకణాల్లో కనిపించింది. ఇంకా ముఖ్యం, ఓడి లొంగిన ఎలుకల్లో కనిపించింది.

ఆ చెవిటి కణాలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అందమైన భాగం. అవి పాత కణాలు మొండికేసినవి కావు. కొట్లాటప్పుడు సింపథెటిక్ నరాలు (ప్రమాదం వచ్చినప్పుడు ఒంటిని సిద్ధం చేసేవి) నోర్అడ్రినలిన్ వదులుతాయి. ఆ సందేశం ఎముక మజ్జకు చేరి, అక్కడ తెల్లకణాల తయారీ మారిపోతుంది. మోనోసైట్లు, గ్రాన్యులోసైట్లు ఎక్కువ పుడతాయి. పూర్తిగా పరిపక్వం కాకముందే రక్తంలోకి, ప్లీహంలోకి వచ్చేస్తాయి. వాపు జీన్లు ముందే తెరుచుకుని వస్తాయి, స్టెరాయిడ్ మాట వినకుండా వస్తాయి. ఇది 2013లో స్పష్టంగా తేలింది. బీటా రిసెప్టర్లను అడ్డుకునే ప్రొప్రనలాల్ (బీపీకి వాడే పాత మందే) ముందుగా ఇస్తే ఈ మార్పులు చాలావరకు రావు. అదే ఏడాది ఇదే యూనివర్సిటీ వాళ్లు ఇంకో సంగతి చూపారు: ఇలా మజ్జ నుంచి వచ్చిన మోనోసైట్లు మెదడు దాకా చేరుతున్నాయి, ఆ ఎలుకలు భయం భయంగా తిరుగుతున్నాయి. మోనోసైట్ల రాకపోకలకు కావాల్సిన రిసెప్టర్ లేని ఎలుకల్లో ఆ చేరికా లేదు, ఆ భయమూ లేదు. దెబ్బ మెదడుకు తగిలితే మజ్జ స్పందించింది, మజ్జ పంపిన కణాలు తిరిగి మెదడును మార్చాయి.

కణాలు చెవిటివి కావడం రోగమనుకోకండి. ఎలుక వైపు నుంచి చూడండి. మూత్రంతో, ఊకతో, పేడతో నిండిన చోట వీపు మీద గాటు పడబోతోంది. ఆ క్షణంలోనే స్టెరాయిడ్ ఆకాశాన్నంటి ఉంది. ఆ స్టెరాయిడ్ మాట విని తెల్లకణాలు పడుకుంటే గాయం చీము పట్టి ఎలుక చస్తుంది. వినని కణాలు ఉండటం వల్లే బతుకుతుంది. ఈ లెక్క నిజమే అనిపించేలా, ఓడిన ఎలుకల మాక్రోఫేజ్‌లు బ్యాక్టీరియాను ఇంకా బాగా చంపుతాయని 2007లో తేలింది. కానీ దీనికి ఖరీదు ఉంది. అలాంటి ఎలుకలకు ఎండోటాక్సిన్ ఎక్కిస్తే మామూలు వాటికంటే ఎక్కువ చచ్చిపోతాయి. బ్రేకులు పని చేయని వాపు వాటిని చంపుతుంది. ఇంకోవైపు, ఇలా ఓడించిన ఎలుకల్లో ఫ్లూ వైరస్‌కు ఏర్పడే జ్ఞాపక టీ-కణాల స్పందన మెరుగైందని 2010లో అదే బృందం రాసింది. ఇప్పుడు చెప్పండి, ఇమ్యూనిటీ పెరిగిందా, తగ్గిందా? మీ టైటర్లు కొన్ని పైకి, కొన్ని కిందికి పోవడం చూసి నాకేమీ ఆశ్చర్యం లేదు.

ఒక పిట్టకథ. మగ ఎలుకలు కొట్టుకుంటే వాటి లాలాజల గ్రంథుల్లోంచి నరాల ఎదుగుదలకు తోడ్పడే ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీన్ రక్తంలోకి పోటెత్తుతుంది. 1986లో రోమ్‌లో లూయిజీ అలోయె, రీటా లెవీ-మొంతాల్చీని వాళ్లు చూపించారు. ఎన్‌జీఎఫ్‌ను కనుగొన్నందుకు ఆమెకు నోబెల్ వచ్చింది కూడా అదే ఏడాది. తెల్లకణాలకు ఎన్‌జీఎఫ్ రిసెప్టర్లు ఉంటాయి. ట్యూబులో కూర్చోబెట్టడానికీ కొట్లాటకూ తేడా ఎందుకు వస్తుందో ఆలోచించేటప్పుడు ఇలాంటివన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇక గెలిచినవాటి సంగతి. గెలిచింది కాబట్టి హాయిగా ఉందనుకోవడం పొరపాటు. నాటింగ్‌హామ్‌లో బర్నార్డ్, బెంకీలు 1990లలో బాబీసియా అనే రక్త పరాన్నజీవితో చేసిన పనిలో, ఆధిపత్యం కోసం ఎక్కువ పోట్లాడే మగవే ఆ పరాన్నజీవిని తట్టుకోవడంలో వెనకబడ్డాయి. హార్మోన్లన్నీ హోదా నిలబెట్టుకోవడానికే ఖర్చు పెడుతున్నాయన్నట్టు. నార్త్ కరొలైనాలో తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన రెండు వంశాల సంగతి ఇంకోలా ఉంది. మెతక వంశపు ఎలుకల్లో ఎన్‌కే కణాల (వైరస్ సోకిన కణాల్ని చంపే తెల్లకణాలు) చురుకు, టీ-కణాల స్పందన తక్కువ, దూకుడు వంశంలో ఎక్కువ. దీన్ని పట్టుకుని "కొట్లాడితే ఇమ్యూనిటీ పెరుగుతుంది" అని రాసినవాళ్లను చూశాను. తప్పు. అది వంశపారంపర్యంగా స్వభావంతోపాటు వచ్చిన తేడా, నిన్న రాత్రి గొడవ వల్ల వచ్చింది కాదు.

ఓడినవన్నీ ఒకలా ఉండవు కూడా. పది రోజులు సీడీ-1 అనే పెద్ద రకం ఎలుక చేతిలో రోజుకు కొన్ని నిమిషాలు దెబ్బలు తినిపించి, మిగతా సమయం కన్నాల గోడ పక్కనే ఉంచే పద్ధతి ఒకటుంది. అలా చేస్తే కొన్ని ఎలుకలు ఇక పరాయి ఎలుక దగ్గరికే పోవు, కొన్ని ఏమీ జరగనట్టు తిరుగుతాయి. జార్జియా హోడ్స్ బృందం 2014లో చూపిందేమిటంటే, ఏది కుంగిపోతుందో దెబ్బ పడకముందే రక్తంలో కొంత ఆనవాలు ఉంది: ముందే తెల్లకణాలు ఎక్కువ, రెచ్చగొడితే ఐఎల్-6 (వాపు పెంచే ఒక సైటోకైన్) ఎక్కువ. ఐఎల్-6 తయారుచేయలేని ఎలుకల మజ్జను ఎక్కిస్తే ఆ ఎలుకలు తట్టుకుని నిలబడ్డాయి. పుట్టుకతో ఒకే జీన్లున్న ఎలుకల మధ్యే ఇంత తేడా.

ఇక నా తప్పు. కొత్తగా చేరిన రోజుల్లో, పేరెందుకులెండి, ఒక ల్యాబ్‌లో కేజ్‌లు చాలడం లేదని రెండు కేజ్‌ల్లో మిగిలిన మగవాటిని ఒకదాంట్లో కలిపేశాను. మూడూ రెండూ ఐదు, లెక్క సరిపోయింది కదా అనుకున్నా. పది రోజుల తర్వాత కోస్తే ఐదింటిలో నాలుగింటి ప్లీహాలు ఉబ్బి ఉన్నాయి. ఇన్ఫెక్షన్ వచ్చిందని బెంబేలెత్తి ఆ గదిలోని జంతువులన్నిటికీ పరీక్షలు చేయించాం. ఏమీ దొరకలేదు. అప్పటికి పాతికేళ్లుగా కేజ్‌లు కడుగుతున్న ఒకాయన వచ్చి, ఐదోదాన్ని తోక పట్టి ఎత్తి చూపించాడు. "దీని ఒంటి మీద చూడు బాబూ, ఒక్క గీత లేదు. మిగతావాటిని ఇదే తినేసింది." సైటోకైన్ కిట్లకు వేలు ఖర్చు పెట్టిన మాకు ఆ చూపు లేకపోయింది.

ఇప్పుడు మీ డేటా. దెబ్బలు తిన్నవాటిని తీసేస్తే ఏం మిగులుతుంది? కొట్టినవి మిగులుతాయి. అంటే వ్యాక్సిన్ గ్రూపులో రౌడీలు, సెలైన్ గ్రూపులో అన్ని రకాలూ. ఆ రెండింటినీ పోల్చి వ్యాక్సిన్ పని చేసిందనో చేయలేదనో అంటే, మీరు కొలిచింది వ్యాక్సిన్‌నా, హోదానా? పైగా గాటు లేనిది ఒత్తిడి పడలేదని కాదు. మూల నక్కి దెబ్బలు తప్పించుకున్నదానికీ రాత్రంతా ప్రాణభయమే. ఫలితం చూశాక ఏది ఉంచాలి ఏది తీయాలి అని నిర్ణయించడం అసలు పెద్ద తప్పు. ఏ రివ్యూయర్ అయినా అక్కడే పట్టుకుంటాడు.

నేనైతే అన్నిటినీ ఉంచి, ప్రతి ఎలుకకూ గాట్ల సంఖ్య, ఎక్కడెక్కడ ఉన్నాయి, శరీర బరువు, కోశాక ప్లీహం బరువు రాస్తాను. ప్లీహం తూచడానికి ఖర్చేమీ లేదు, కొట్లాట మోడల్‌లో అది పెరుగుతుందని పదేపదే కనిపించింది. ఇంకో ఇబ్బంది మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. మీకు ఇరవై ఎలుకలు ఉన్నట్టు లెక్క వేస్తున్నారు. ఒక కేజ్‌లోని ఐదు ఒకే రాజకీయంలో బతుకుతున్నాయి, వాటి ఫలితాలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. వ్యాక్సిన్ కేజ్‌ వారీగా ఇచ్చారు కాబట్టి గణాంకాల వాళ్లు మీకు నాలుగే ఉన్నాయంటారు. అందులో కొట్లాట పడ్డ రెండూ వ్యాక్సిన్‌వే. వ్యాక్సిన్ ప్రభావాన్నీ కొట్లాట ప్రభావాన్నీ ఈ డేటాలోంచి విడదీయడం కుదరదు. చేదుగా ఉంటుంది గానీ, థీసిస్‌లో దాన్ని ఉన్నదున్నట్టు రాసి, ప్రయోగం మళ్లీ చేయడమే మంచిది.

వ్యాక్సిన్ కేజ్‌లే ఎందుకు కొట్టుకున్నాయన్నది ఊహించగలను. ఇంజెక్షన్ చోట వాచి నొప్పి పుడితే ఎలుక ప్రవర్తన మారుతుంది, హోదాల లెక్క మళ్లీ మొదలవుతుంది. రక్తం తీయడానికి ఒకటొకటిగా బయటికి తీసి పెట్టారు, ఆ రోజే ఊక మార్చారేమో కూడా చూడండి. ఊక మార్చిన రోజు కొట్లాట పెరగడం ఎవరైనా చూడొచ్చు, పాత వాసనల హద్దులన్నీ ఒక్కసారిగా పోతాయి కదా.

అందుకే ఈసారి ఊక మార్చేటప్పుడు గూడు కట్టుకున్న కాగితం పీలికలు, దూది లాంటివి మాత్రం కొత్త కేజ్‌లోకి వేయండి. మూత్రంతో తడిసిన ఊక వేయకండి. మొదటిది కొట్లాటను తగ్గిస్తుంది, రెండోది పెంచుతుంది, రెండూ పరీక్షించి చూసినవే. పాలు మాన్పించేటప్పుడే, అంటే మూడు వారాల వయసులో, గుంపులు చేసేయండి. తర్వాత ఎట్టి పరిస్థితుల్లో కలపకండి. ఒకటి చచ్చిపోతే దాని చోటు ఖాళీగానే ఉంచండి. రౌడీని గుర్తించి దాన్నొక్కదాన్నే వేరు చేయొచ్చు, కానీ అది ఒంటరిదైపోతుంది. ఒంటరి ఎలుక మిగతావాటితో ఒకే గ్రూపు కాదు, దాన్ని అలా రాసుకోండి. మనకు హాయిగా ఉండే ఇరవై రెండు డిగ్రీల ఏసీ గది ఎలుకకు చలి. దాని ఒంటికి ముప్పై డిగ్రీల దగ్గర హాయి. పక్కన ఇంకో ఎలుక లేకపోతే వెచ్చగా ముడుచుకునే చోటు ఉండదు, ఆ చలి కూడా ఇమ్యూనిటీ మీద పని చేస్తుంది. ఒకే కేజ్‌లో కొన్నిటికి వ్యాక్సిన్, కొన్నిటికి సెలైన్ ఇవ్వడం కుదిరితే (బతికున్న వైరస్ వ్యాక్సిన్ అయితే కుదరదు) అదే మంచిది. మీ ప్రశ్నకు మగవే కావాలన్న నియమం లేకపోతే ఆడవి వాడండి, సగం తలనొప్పి పోతుంది. ఎన్ని గాట్లు పడితే జంతువును ప్రయోగం నుంచి తీసేస్తారో ముందే రాసి, మీ సంస్థ జంతు నైతిక కమిటీకి ఇచ్చే ప్రోటోకాల్‌లో పెట్టండి. అప్పుడు తీసేస్తే ఎవరూ ప్రశ్నించరు. కార్టికోస్టెరాన్ కొలవాలనుకుంటే, కేజ్ ముట్టుకున్న మూడు నిమిషాల్లోపు రక్తం తీయాలి, అన్నిటికీ రోజులో ఒకే వేళ. లేకపోతే మీ చేతికి భయపడి పెరిగిన స్టెరాయిడ్‌నే కొలుస్తారు.

చివరి ప్రశ్న, ఆఫీసు టెన్షన్. మీ బాస్ రౌడీ ఎలుక కాడు, సాయంత్రం ఐదింటికి మీరు కేజ్ లోంచి బయటపడొచ్చు, కాబట్టి నేరుగా పోల్చను. అయితే కణాలు స్టెరాయిడ్ మాట వినకపోవడం మనుషుల్లోనూ కనిపించింది. 2002లో గ్రెగరీ మిల్లర్ బృందం క్యాన్సర్ వచ్చిన పిల్లల తల్లిదండ్రుల రక్తం తీసి చూస్తే, స్టెరాయిడ్ ఐఎల్-6ను అణచే శక్తి వాళ్లలో తగ్గింది. 2012లో షెల్డన్ కోహెన్ వాళ్లు 276 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ వేశారు. పెద్ద ఒత్తిడిలో చాలాకాలం ఉన్నవాళ్ల కణాలు స్టెరాయిడ్‌కు తక్కువ స్పందించాయి, అలా స్పందన తక్కువ ఉన్నవాళ్లకే జలుబు ఎక్కువ పట్టింది. కార్టిసాల్ ఎంత ఉందన్నది అక్కడ పెద్దగా తేడా చూపలేదు. జలుబు లక్షణాల్లో చాలావరకు వైరస్ చేసేవి కావు, మన వాపు చేసేవి. ఆపమంటే ఆగకపోతే ముక్కు కారుతూనే ఉంటుంది.

మళ్లీ చేసేటప్పుడు ఎలుకలు ఏ వయసులో వచ్చాయో, ఎన్ని కాన్పులవి కలిపారో బ్రీడర్‌ను అడిగి ఇక్కడ పెట్టండి. గుంపులు ఎలా చేయాలో అప్పుడు కచ్చితంగా చెప్పగలను.